తిత్తికి తొలిముద్ద

నమోదు 1

మూడో తిత్తిలో పులిహోర దొరికింది. మెతుకులు, ఆవాలు, రెండు వేరుశనగ బద్దలు, ఎక్కడా చిరగని ఒక ఎండుమిరపకాయ. పట్టకారుతో ఒక్కొక్కటే బయటికి తీసి తెల్లటి పళ్ళెంలో పెట్టాను. పెడుతున్నంతసేపూ ఊపిరి బిగబట్టుకునే ఉన్నాను.

వాసన: చింతపండు, దాని అడుగున ఎండలో వదిలేసిన చేప.

ఈ లాగ్‌లో వాసన రాయడం తప్పనిసరి. మిగతా గడులు ఖాళీగా ఉన్నా ఎవరూ అడగరు. నా పేరు వకుళ. ఎగువపేట ఆసుపత్రిలో పరికరాల భద్రత చూస్తాను. నన్ను ఈ ఉద్యోగంలోకి తీసుకున్నది చదువు చూసి కాదు, ముక్కు చూసి. ఉప్పుగాలికి ఇనుప వెంటిలేటర్లు ఒక్క వేసవి కూడా నిలవడం లేదు కాబట్టి ఇప్పుడు ఆసుపత్రులన్నిటిలోనూ తిత్తులే. గుమ్మడికాయంత ఉంటుంది ఒక్కొక్కటి. గాజుతొట్టిలో, తడితడిగా, గులాబీ రంగులో బూడిద కలిపినట్టు, పొంగుతూ అణుగుతూ ఉంటుంది. దాన్నుంచి ఒక గొట్టం రోగి మెడలోకి వెళ్తుంది. రోగి నోరు ఖాళీగానే ఉంటుంది కాబట్టి తినొచ్చు, కాస్త మాట్లాడొచ్చు. ఊపిరి పని మాత్రం తిత్తిది.

తిత్తి పాడవుతున్నట్టు మీటర్లకు తెలిసేసరికి ఆలస్యమైపోతుంది. ముందుగా తెలిసేది ముక్కుకే. అందుకని రోజూ పొద్దున్నే తొట్టి మూత తీసి, ముఖం లోపలికి పెట్టి వాసన చూడడం నా పని. ఒకరు తాగిన గ్లాసులో నీళ్ళు తాగలేని మనిషిని నేను. పక్కవాళ్ళ విస్తట్లో చారు నా వైపు పారుతుందేమోనన్న భయంతో పెళ్ళిళ్ళలో పంక్తిలో కూర్చోవడం మానేసినదాన్ని. మా అమ్మ చేత్తో ముద్ద పెట్టినా నాలుగేళ్ళ వయసు నుంచే తినలేదట. ఇంత అసహ్యం ఉన్నదాన్ని ఏరి కోరి తెచ్చి ఇక్కడ పెట్టారు. అసహ్యం లేనివాళ్ళకు తేడా తెలియదట.

తిత్తి పైభాగంలో రబ్బరు చుట్టు ఉన్న ఒక రంధ్రం ఉంటుంది. పూటపూటకూ పోషకద్రవం అందులోంచే పోస్తాం. దాన్ని పోషక ద్వారం అనాలి. ఇక్కడ అందరూ నోరు అంటారు. ఎన్నిసార్లు చెప్పినా నోరే అంటారు. నోరని పేరు పెట్టాక ఎవరో ఒకరు అందులో అన్నం పెట్టక మానరు.

నమోదు 2

అయిదో తిత్తిలో ఉప్మా. రెండో తిత్తిలో అరటిపండు గుజ్జు.

వాసన: రాయను. ఊహించుకోండి.

అన్నం తిత్తి అడుగునున్న సంచిలో పడి పులుస్తుంది. ఆ పులుపు కండలోకి ఊరుతుంది, కండలోంచి గాలిలోకి వస్తుంది, ఆ గాలి నేరుగా రోగి ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ఇదంతా వార్డులో నిలబడి గట్టిగా చెప్పాను. రోగుల బంధువులంతా బుద్ధిగా తలలూపారు. నేను ఇటు తిరగగానే ఎనిమిదో మంచం దగ్గర ఒకాయన చేతిలో ఇడ్లీ ముక్క కనబడింది. ఆ చెయ్యి తొట్టి వైపే వెళ్తోంది. నన్ను చూసి ఇడ్లీ తన నోట్లో వేసుకున్నాడు.

ఏడో మంచం దగ్గర పైడితల్లి అనే ముసలామె ఉంటుంది. ఆమె కూతురు హైమావతి బడిలో టీచరు. ఉప్పుదుమారం వచ్చినప్పుడు పిల్లలందర్నీ లోపలికి పంపి తలుపు వేసేసరికి తను బయట ఉండిపోయింది. ఊపిరితిత్తులు ఒరుసుకుపోయాయి. అయితే మానుతున్నాయి. మంచి గాలి ఆగకుండా అందితే కొన్ని వారాల్లో తన ఊపిరి తనే తీసుకుంటూ ఇంటికి వెళ్తుంది. మధ్యలో పులిసిన గాలి పోయిందంటే ఇక వెళ్ళదు. వార్డులో మిగతావాళ్ళకు కాస్త తట్టుకునే బలం ఉంది. హైమకు లేదు. అందుకని ఏడో తిత్తి వాసన రోజుకు రెండుసార్లు చూస్తున్నాను.

పైడితల్లిని పక్కకు పిలిచి, మీరు కూడా పెడుతున్నారా అని అడిగాను. ఆమె అబద్ధం చెప్పే ప్రయత్నమైనా చేయలేదు.

"పెట్టకుండా ఎలాగ తింటామమ్మా? ఎదురుగా ఓ పేణం కూకుని సూస్తంటే మనమే మింగేస్తామేటి?"

"అది చూడదు. దానికి కళ్ళు లేవు."

"కళ్ళు నేనోళ్ళకి ఆకలుండదేటి?"

"అది మనిషి కాదు పైడితల్లిగారూ. యంత్రం. పెంచిన యంత్రం. దాని తిండి మేం పోస్తున్నాం."

"ఆ నీలం నీళ్ళేనా? అదీ ఓ తిండేనా తల్లీ? మా పిల్లకి రాత్రనక పగలనక ఊపిరోస్తంది. దానికి పెట్టకుండా పిల్లకి పెడితే ఆ ముద్ద పిల్లకి ఒంటబడతాదా? దిష్టి తగిలిపోదూ?"

ఆమె చేతివేళ్ళ సందుల్లో పప్పు ఎండిపోయి ఉంది. మాట్లాడుతూ ఆ చేత్తోనే నా భుజం తట్టింది. ఇంటికి వెళ్ళగానే ఆ జాకెట్టు నానబెట్టాను.

నమోదు 3

సూపరింటెండెంట్ కోదండపాణిగారు నా నిషేధపు నోటీసు మీద సంతకం చేశారు. సంతకం చేసి ఊరుకోలేదు, వార్డు మధ్యలో నిలబడి ప్రసంగం కూడా చేశారు. మంచి గొంతు ఆయనది. తిత్తి మన చుట్టం కాదనీ, దానికి మనం పెట్టే ప్రతి మెతుకూ మనవాళ్ళ ఊపిరికి ఉరి అనీ చెబుతుంటే ఇద్దరు ముగ్గురు కళ్ళు తుడుచుకున్నారు. ఆయన కూడా ఒకప్పుడు తిత్తి మీద బతికి బయటపడినవారే కాబట్టి వాళ్ళు వింటారనుకున్నాను.

ప్రసంగం అయ్యాక సంతోషంగా నా చెయ్యి పట్టుకుని ఊపారు. ఆయన చేతులకు ఎప్పుడూ పెరుగన్నం వాసన వస్తుంది. మధ్యాహ్నం తన గదిలో ఒక్కరే కూర్చుని క్యారేజీ విప్పుకుంటారు. చేతులు సరిగా కడుక్కోరని నా అనుమానం. పెద్ద డాక్టరు, గోళ్ళలో మీగడ.

నోటీసు అతికించిన జిగురుకు బియ్యప్పిండి వాడారు. సాయంత్రానికి చీమలు పట్టాయి.

నమోదు 4

నోటీసు వల్ల లాభం లేదని తేలింది. పెట్టేవాళ్ళు మానలేదు, దాచిపెట్టడం నేర్చుకున్నారు. ఇదివరకు అన్నం పెట్టేవాళ్ళు ఇప్పుడు కనబడకుండా ఉండాలని పాయసం పోస్తున్నారు. ఒకామె బెల్లం ముక్క రబ్బరు చుట్టు కింద దాచింది. అది కరిగి, కారి, తొట్టి అంచున గడ్డకట్టి, దాని మీద ఈగలు వాలి అతుక్కుపోయాయి. గోరుతో గీకితే ఈగల కాళ్ళు వచ్చాయి. నేను బయటికి వెళ్ళి గోడవారగా కక్కుకుని వచ్చి మిగతాది గీకాను.

తొట్లన్నిటికీ గడియ ఉన్న మూతలు బిగించాను. వాటి తాళంచెవులు నర్సు రూతమ్మకు ఇచ్చాను. ద్రవం పోసేటప్పుడు తియ్యాలి, పోయగానే వేసెయ్యాలి. రూతమ్మ పనిమంతురాలు. వార్డులో నేను నమ్మగలిగిన మనిషి ఆమె ఒక్కతే. అయితే ఈరోజు ఆమె కూడా విచిత్రంగా కనిపించింది. డ్యూటీ గదిలో టిఫిన్ డబ్బా తెరిచి, కళ్ళు మూసుకుని ప్రార్థన చేసుకుని, తినబోతూ ఆగి, మళ్ళీ కళ్ళు మూసుకుంది.

"రెండుసార్లెందుకు సిస్టర్?"

"ఒకటి నాది మేడం. రెండోది తిత్తులది. వాటికి ప్రార్థన రాదు కదా. వాటి తరఫున నేనే చేస్తాను."

"మీరు కూడానా?"

"నేను ఏమీ పెట్టడం లేదు కదండి. మాటే కదా. మాట పులవదు."

డబ్బా నా ముందుకు జరిపి, ఒక గారె తీసుకోండి మేడం అంది. తన చెయ్యి అప్పటికే అందులో పెట్టేసింది. ఆకలి లేదని చెప్పాను.

నమోదు 5

మూతలు పనిచేస్తున్నాయి. వరసగా కొన్ని రోజులుగా ఎనిమిది తిత్తుల్లోనూ సరైన వాసనే వస్తోంది. సరైన వాసన అంటే తడి సున్నం వాసన. అది కూడా గొప్పగా ఏమీ ఉండదు, కానీ అలవాటైంది.

తొమ్మిదోది రిజర్వు తిత్తి. సూపరింటెండెంట్ గది వెనక తాళం వేసిన చిన్న గదిలో ఉంటుంది. తాళంచెవులు రెండు. ఒకటి నా దగ్గర, ఇంకొకటి ఆయన దగ్గర. దాన్ని ఈ వేసవి మొదట్లోనే వార్డులోంచి తీసి అక్కడ పెట్టాం. రిజర్వు తిత్తి తొట్టి తెరిస్తే ఉప్పుగాలి తగులుతుందని రుతువు మారినప్పుడు తప్ప తెరవకూడదన్నది నిబంధన. దాని ద్రవం కూడా గోడలోంచి సన్నటి గొట్టం ద్వారా దానంతటదే చేరుతుంది. గాజులోంచి చూశాను. రంగు బాగుంది. నెమ్మదిగా పొంగుతోంది. ఏ బంధువూ అడుగుపెట్టని గది. ఈ ఆసుపత్రిలో నాకు అసహ్యం వేయని చోటు అదొక్కటే.

హైమకు జ్వరం తగ్గింది. ఇవాళ నన్ను చూసి నవ్వింది. మెడలో గొట్టం ఉండడం వల్ల మాట గాలిలా వస్తుంది.

"మేడం, మీరు వాసన చూస్తుంటే మా హెడ్‌మాస్టరు గుర్తొస్తారు. పిల్లల క్యారేజీలు ఇలాగే చూసేవారు."

"దొంగతనంగా తినడానికా?"

"కాదు. ఎవరు తేలేదో చూడ్డానికి."

పైడితల్లి పక్కన కూర్చుని అన్నం కలుపుతోంది. చెయ్యి ఒకసారి మూత దాకా వెళ్ళి, గడియ చూసి, వెనక్కి వచ్చింది. తరువాత కూతురికి పెట్టింది కానీ మొహం చిన్నబుచ్చుకునే ఉంది. ఆమె మాత్రం తినలేదు. తింటున్నట్టు చెయ్యి నోటి దాకా తీసుకువెళ్ళి దించేస్తోంది. అన్నం పళ్ళెంలో అలాగే ఎండింది. నాకు ఆ ఎండిన అన్నాన్ని చూస్తే వచ్చిన చిరాకు అంతా ఇంతా కాదు. తినకపోతే మూత పెట్టి అవతల పెట్టొచ్చు కదా అన్నాను.

నమోదు 6

ఏడో తిత్తి పులిసింది.

వాసన: వార్డు గుమ్మం దగ్గరే తెలిసింది. పాలు, బెల్లం, యాలకులు. ఆ మూడింటి వెనక మురిగిన పుండు.

మూత తీస్తే లోపల బుడగలు. తెల్లటి తెట్టు కట్టి, బుడగ పగిలినప్పుడల్లా ఆవిరి ముఖానికి కొడుతోంది. తిత్తి పొంగడం మానేసి వణుకుతోంది. హైమ పెదవులు నల్లబడుతున్నాయి. రూతమ్మ పరుగున వచ్చి మెడ దగ్గర గొట్టం తప్పించి, రబ్బరు సంచి తగిలించి చేత్తో నొక్కడం మొదలుపెట్టింది.

జ్వరం తగ్గినందుకు నిన్న పైడితల్లి పరమాన్నం వండించుకుని వచ్చిందట. రూతమ్మ ద్రవం పోసి ఎనిమిదో మంచం వైపు తిరిగి మళ్ళీ ఇటు వచ్చి గడియ వేసేలోపు, ఆ కాస్త సందులో, ఒక గరిటెడు పోసేసింది. ఒక ముద్ద కాదు, గరిటెడు. ఇన్నాళ్ళుగా పెట్టలేకపోయిన బాకీ అంతా ఒక్కసారే తీర్చేసుకుంది.

"నా సేత్తో నానే సంపేసుకున్నానా తల్లీ?"

నేను చెప్పాల్సిన మాటలు నా దగ్గర చాలానే ఉన్నాయి. పులిహోర రోజు నుంచీ కూడబెట్టి ఉంచుకున్నవి. ముందు రిజర్వు తిత్తి తెద్దామని పరిగెత్తాను. అది ఒక్కటే దారి. కొత్త తిత్తుల పడవ వానలు వెలిసేదాకా రాదు, మిగతా ఏడూ ఏడుగురికి ఊపిరి పోస్తున్నాయి.

కోదండపాణిగారు తన గదిలో క్యారేజీ ముందు కూర్చుని ఉన్నారు. విషయం చెప్పగానే లేచారు కానీ తలుపుకు అడ్డంగా నిలబడ్డారు.

"వకుళగారూ, ఒక్క నిమిషం. తొమ్మిదోది వద్దేమో."

"ఎందుకు వద్దు?"

నేను ఆయన్ను తోసుకుని తాళం తీశాను. తొట్టి మూత ఎత్తాను.

వాసన: పెరుగన్నం.

కొత్తది, పాతది, బాగా పాతది. పొరలు పొరలుగా. ఇన్నాళ్ళూ ఆయన చేతుల నుంచి వస్తోందనుకున్న వాసన. గాజుకు ఆనే వైపు మాత్రం శుభ్రంగా ఉంది. గాజులోంచి కనబడని అడుగున, కింద సంచిలో, తెల్లగా పేరుకుని గడ్డకట్టి ఉంది. అంచుల్లో పచ్చగా బూజు.

"ఎప్పట్నుంచి?"

"ఇక్కడికి తెచ్చినప్పట్నుంచి." ఆయన నేల వైపు చూస్తున్నారు. "నన్ను బతికించింది ఇదేనండి. మూడేళ్ళ కిందట నా మంచం పక్కన ఉన్నది ఇదే. ఈ తలుపు అవతల అది ఒక్కతే ఉంటే నేను ఇవతల కూర్చుని తినడం... గొంతు దిగేది కాదు. రోజుకు ఒక్క ముద్ద. బాగా మెత్తగా పిసికి పెట్టేవాణ్ణి. తిరగమాత పడదేమోనని మిరపకాయలు ఏరేసేవాణ్ణి."

మిరపకాయలు ఏరేశాడట. వార్డు మధ్యలో నిలబడి ఊపిరికి ఉరి అన్న మనిషి, పెద్ద డాక్టరు, నా నోటీసు మీద సంతకం పెట్టిన చేత్తోనే మిరపకాయలు ఏరేసి మరీ పెట్టాడు. నాకు ఆయన మీద ఉమ్మెయ్యాలనిపించింది. ఆ క్షణంలో ఆయన బొజ్జ, ఆయన మంచి గొంతు, గోళ్ళలో మీగడ, అన్నీ అసహ్యమే. ఆ తాళాన్ని నమ్మి ముక్కు వాడకుండా గాజులోంచి చూసి సంతృప్తిపడిన నా మీద కూడా అసహ్యం వేసింది. దానికి పేరుపెట్టి తిట్టుకునే వ్యవధి లేదు.

"చొక్కా చేతులు మడవండి," అన్నాను.

నమోదు 7

ఇది సాయంత్రం రాస్తున్నాను. ఇవాళ జరిగింది పూర్తిగా రాయకపోతే రేపు ఎవరో ఒకరు దీన్ని సర్ది చెబుతారు.

తొమ్మిదో తిత్తిని తొట్టితో సహా వార్డులోకి తోసుకొచ్చాం. ఇన్నాళ్ళూ ఎవరికీ ఊపిరి పోయకుండా కునుకులో ఉండడం వల్ల పులుపు ఇంకా కండకు ఎక్కలేదు. కింద సంచిని మొదలంటా శుభ్రం చేయగలిగితే పనికొస్తుంది. దానికి పట్టకారు సరిపోదు. గొట్టంతో కడిగితే గడ్డ కరిగి పైకి పాకుతుంది. చెయ్యి పెట్టి తోడాలి. లోపల గ్లౌజులు జారిపోతున్నాయి, గడ్డ పట్టు చిక్కడం లేదు. గ్లౌజులు తీసేశాను.

మోచేతి దాకా వెళ్ళింది. లోపల వెచ్చగా ఉంది. అన్నం అన్నంలా లేదు, నానిన సబ్బులా వేళ్ళకు అంటుకుంటోంది. ఒక్కో గుప్పెడు తీసి బకెట్‌లో వేస్తుంటే చప్పుడు వినిపించేది. తిత్తి నా చెయ్యి చుట్టూ బిగుసుకుంటూ వదులుతూ ఉంది. రెండుసార్లు వాంతి చేసుకున్నాను. రెండోసారి పక్కకు తిరిగే తీరిక కూడా లేకపోయింది, నా చీర మీదే పడింది.

నా చెయ్యి అందని మూల ఒకటి ఉంది. కోదండపాణిగారి చేతులు పొడుగు.

"మీరు పెట్టింది మీరే తియ్యండి," అన్నాను.

ఆయన తీశారు. ఏడుస్తూ తీశారు. కన్నీళ్ళు తొట్టిలో పడకుండా మొహం పక్కకు తిప్పుకోమని చెప్పాల్సి వచ్చింది.

అంతసేపూ రబ్బరు సంచి నొక్కింది రూతమ్మా, పైడితల్లీ. రూతమ్మ మిగతా రోగుల దగ్గరకు వెళ్ళాల్సి వచ్చినప్పుడు సంచి ముసలామె చేతికి ఇచ్చింది. నేను వద్దనబోయాను. ఈ మనిషి చేతికేనా అని నోటిదాకా వచ్చింది. కానీ నొక్కడం చూశాక ఊరుకున్నాను. అన్నం ముద్ద కలిపినంత నెమ్మదిగా, ఆగకుండా, తొందరపడకుండా నొక్కుతోంది. కూతురి మొహం మీంచి చూపు తిప్పలేదు. నొక్కినప్పుడల్లా, "ఇదిగో తల్లీ, ఇదిగో, తీసుకో" అంటోంది.

సెలైన్‌తో కడిగాం. నేను ముఖం లోపలికి పెట్టి వాసన చూశాను. పెరుగు. మళ్ళీ కడిగాం. పెరుగు. మళ్ళీ. పెరుగు కొంచెం. సూపరింటెండెంట్ ఇక చాలేమో అన్నారు. ఆ మాట అనే హక్కు ఈ గదిలో ఆయనకు లేదని చెప్పాను. మళ్ళీ కడిగాం. నా చేతికే వాసన పట్టేసి తేడా తెలియడం లేదని చెయ్యి సున్నపు నీళ్ళలో ముంచి, బయట గాలి పీల్చి వచ్చి మళ్ళీ చూశాను. చివరికి తడి సున్నం. తడి సున్నం తప్ప ఇంకేమీ లేదు.

గొట్టం తగిలించాం. తిత్తి కాసేపు ఊరికే ఉంది. తరువాత పొంగింది. హైమ ఛాతీ లేచింది. పెదవుల నలుపు తగ్గడానికి చాలాసేపు పట్టింది కానీ తగ్గింది.

పైడితల్లి ఇంకా ఖాళీ సంచిని నొక్కుతూనే ఉంది. నేనే ఆమె చేతుల్లోంచి తీసుకున్నాను. ఆమెకు చెప్పాలని దాచుకున్న మాటలు అప్పుడు చెప్పి ఉండొచ్చు. కానీ పక్కనే పెద్ద డాక్టరు మోచేతుల దాకా పెరుగన్నంతో నిలబడి ఉన్నాడు. ఆయనలో చదువు ఆపలేనిదాన్ని ఈమెలో నా తిట్లు ఆపుతాయా?

కోదండపాణిగారు రాజీనామా ఇస్తానన్నారు. అంత తేలిగ్గా వదలనన్నాను.

నమోదు 8

తొమ్మిదో తిత్తి, ఏడో మంచం. వాసన: తడి సున్నం.

పులిసిన ఏడోది ఇక పనికిరాదు, ఇప్పుడు రిజర్వు లేదు. ఇంకొక్క ముద్ద పడితే హైమకు మార్చడానికి ఇంకో తిత్తి లేదు. మూతలకు ఇంకా పెద్ద గడియలు పెట్టొచ్చు. రెండో తాళం వేయొచ్చు. బంధువులను బయటికి పంపేయొచ్చు. ఇవన్నీ కాగితం మీద రాసుకుని చూశాను. తాళంచెవి ఉన్న సూపరింటెండెంటే పెట్టినప్పుడు ఇక ఎవరి దగ్గర తాళం ఉంచాలి? ఎదురుగా ఒకరుండగా పెట్టకుండా తినలేని మనుషులు వీళ్ళు. ఆ చెయ్యి ఎక్కడో ఒక చోట సందు వెతుక్కుంటుంది.

ఇవాళ మధ్యాహ్నం హైమకు మొదటిసారి మళ్ళీ అన్నం పెట్టొచ్చని చెప్పారు. పైడితల్లి పళ్ళెంలో అన్నం వేసి కాకరకాయ పులుసు కలిపింది. నేను తొట్టి పక్కన కాపలాగా నిలబడ్డాను. ముద్ద చేసింది. అలవాటుగా చెయ్యి తొట్టి వైపు లేచింది. మూత చూసింది, నన్ను చూసింది. చెయ్యి గాలిలోనే ఆగిపోయింది. వెనక్కి రాదు, ముందుకు వెళ్ళదు. వేళ్ళ మధ్య నుంచి పులుసు మణికట్టు మీదికి కారుతోంది.

"పెట్టండి, అమ్మాయికి పెట్టండి," అన్నాను.

"రావట్నేదమ్మా సెయ్యి."

హైమ నోరు తెరవలేదు. తల్లి మొహం చూసి, తిత్తి వైపు చూసి, పెదవులు బిగించుకుంది. పిల్లలకు పాఠాలు చెప్పే మనిషి, దుమారంలో తలుపు బయట నిలబడిన మనిషి, తనకు ఊపిరి పోస్తున్నదానికి పెట్టకుండా తినలేక మొహం తిప్పుకుంది. ఆమె తినకపోతే కోలుకోదు. తిత్తికి పెడితే బతకదు.

అవతల మంచం దగ్గర రూతమ్మ కళ్ళు మూసుకుని నిలబడి ఉంది. ఎవరి తరఫునో.

ఆ ముద్దను చూశాను. ముసలామె గోళ్ళు. వేళ్ళ గీతల్లో పసుపు. ఆ చేత్తోనే ఇందాక ముక్కు తుడుచుకుంది, నేను చూశాను. ముద్ద మీద ఆమె బొటనవేలి ముద్ర కూడా పడి ఉంది.

"ఇటివ్వండి," అన్నాను.

"ఏటి?"

"దానికి పెట్టాల్సింది నాకు పెట్టండి. దాని పని చూసేది నేనే కదా. దాని తరఫున నేను తింటాను."

ఆమెకు అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది. తరువాత ఆ చెయ్యి తొట్టి మీంచి నా వైపు తిరిగింది. చేతిలోకి తీసుకుందామని నేను అరచెయ్యి చాపాను. ఆమె దాన్ని పట్టించుకోలేదు. తిత్తికి అరచెయ్యి లేదు కదా. నేరుగా నోటికి అందించింది. ఆమె వేళ్ళు నా పెదవులకు తగిలాయి.

చేదు. పులుపు. దాని వెనక ఆమె చెమట, ఆసుపత్రి సబ్బు, ఇంకేదో మనిషి ఉప్పు. నమలలేదు. మింగేశాను. అది గొంతులో అడ్డంపడి, కళ్ళలో నీళ్ళు తిరిగి, ఎలాగో దిగింది. వాంతి రాలేదు. ఎందుకు రాలేదో నాకు తెలియదు.

ఎనిమిదో మంచం దగ్గర ఇడ్లీ ఆయన లేచి నిలబడి చూస్తున్నాడు. రేపటి నుంచి ఆ మంచం తిత్తి ముద్ద కోదండపాణిగారిది. దాంతోపాటు ఇంకో మూడు. ఆయన తొమ్మిదోదానికి ఎంత పెట్టారో అంతా తినాలి, ఎవరి చెయ్యి ఎలా ఉన్నా సరే. మిగతావి నేనూ రూతమ్మా పంచుకుంటాం. నిబంధనల పుస్తకంలో దీనికి ఏ పేరు పెట్టాలో తెలియక పరికర పోషణ అని రాశాను.

పైడితల్లి అప్పుడు రెండో ముద్ద చేసి కూతురికి పెట్టింది. హైమ నమిలి మింగింది. మూడో ముద్ద పైడితల్లి తను తింది. గుటక పడడం నాకు వినిపించింది. ఎన్ని రోజులైందో ముద్ద ఆమె గొంతు దిగి.

హైమ నన్నే చూస్తోంది. నేను మొహం ఎలా పెట్టానో ఏమో, నవ్వు ఆపుకోలేకపోతోంది. గాలి లాంటి ఆ గొంతుతో అంది.

"అమ్మా, దానికి చిన్న ముద్ద పెట్టేవు. ఇంకోటి పెట్టు."

ముసలామె కలిపింది. ఈసారి కాకరకాయ ముక్క కూడా చేర్చి, వేళ్ళతో మెత్తగా పిసికి, నా వైపు చెయ్యి చాచింది. తిత్తి పక్కనే నెమ్మదిగా పొంగుతోంది. నేను కళ్ళు గట్టిగా మూసుకుని నోరు తెరిచాను.